ఆల్ఫా 0.38 వచ్చింది, వైవాకి మూడు వారాలే ఉంది. ఎస్‌పీఎస్ఎస్ ఎక్కడ నేర్చుకోవాలి?

లెక్కలంటే_భయం
ఎం.ఎస్సీ సైకాలజీ చివరి సెమిస్టర్. హాస్టల్లో ఉండి చదివేవాళ్ళకీ, ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్ళకీ ఒత్తిడిలో తేడా ఉందా అన్నది నా డిసర్టేషన్. ఒత్తిడిని కొలిచే పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్, పది ప్రశ్నలది వాడాను. గూగుల్ ఫామ్‌ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి, కనిపించిన ప్రతివాళ్ళనీ బతిమాలి 152 మందితో నింపించాను. అంతవరకూ బాగానే ఉంది.

నిన్న కాలేజీ ల్యాబ్‌లో ఎస్‌పీఎస్ఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో రిలయబిలిటీ (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అన్న లెక్క) చేస్తే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.38 వచ్చింది. గైడ్ చూసి "ఇది చాలదు, 0.7 దాటాలి, మళ్ళీ చేసుకురా" అన్నారు. మళ్ళీ చేస్తే మళ్ళీ 0.38. అసలు ఏది మళ్ళీ చేయాలో ఎవరూ చెప్పరు. మాకు స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది కానీ అంతా బోర్డు మీదే. ఫార్ములాలు బట్టీ పట్టి పాసయ్యాం. సాఫ్ట్‌వేర్ ముట్టుకోవడం ఇదే మొదలు.

అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పదిహేను రోజుల కోర్సు ఆరు వేలట. కాలేజీ దగ్గర జిరాక్స్ షాపాయన "డేటా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమ్మా, నాలుగు వేలకి నాలుగో చాప్టర్ మొత్తం చేసిస్తాం" అంటున్నాడు. ఏం చేయమంటారు? నిద్ర పట్టట్లేదు. ఆ స్కేలు ఇప్పుడు నేను నింపితే నలభైకి నలభై వస్తుంది.

చివరి_బెంచి
లెక్కలు తప్పించుకోవడానికి ఇంటర్‌లో బైపీసీ. కెమిస్ట్రీ తప్పించుకోవడానికి డిగ్రీలో సైకాలజీ. తీరా వస్తే ఇక్కడ టీ టెస్టు. ఎటు తిరిగినా అక్కడికే తీసుకొచ్చింది కర్మ.

ఇరానీ_చాయ్
టీ టెస్టు అంటే వేరే ఏదో అనుకుని వచ్చాను. సారీ.

నైట్_డ్యూటీ
@ఇరానీ_చాయ్ అది టీ కాదు, బీరు. రెండు గుంపుల సగటుల్లో తేడా ఉందా అని చూసే ఆ పరీక్ష, డబ్లిన్‌లో గిన్నెస్ బీరు తయారుచేసే చోట పనిచేసిన గాసెట్ అనే ఆయన 1908లో రాసింది. కంపెనీలో ఉంటూ సొంత పేరుతో అచ్చు వేయించుకోకూడదని 'స్టూడెంట్' అని మారుపేరు పెట్టుకున్నాడు. మన పిల్లలేమో అది స్టూడెంట్ల కోసం పెట్టిన టెస్టు అనుకుంటారు.

అమీర్‌పేట_బాబాయ్
అమ్మా, ఆరు వేలు దండగ. ఎస్‌పీఎస్ఎస్ 1968లో పుట్టింది, వయసులో నాకంటే పెద్దది. లైసెన్సు ఖర్చు వేరే. ఆర్ నేర్చుకో. స్టాటిస్టిక్స్ కోసం పెట్టిన ప్రోగ్రామింగ్ భాష అది, న్యూజిలాండ్‌లో ఆక్లండ్ యూనివర్సిటీ వాళ్ళు ఇద్దరు మొదలుపెట్టారు, ఇద్దరి పేర్లూ ఆర్ అక్షరంతోనే మొదలవుతాయి, అందుకే ఆ పేరు. పైసా ఖర్చు లేదు. రేపు ఉద్యోగానికి వెళ్ళినా పనికొస్తుంది. నాలుగు లైన్ల కోడ్ రాస్తే నీ పని అయిపోతుంది.

మెట్టుగూడ_మేడమ్
బాబాయ్ గారూ, ఇల్లు కాలుతుంటే బావి తవ్వమన్నట్టుంది మీ సలహా. ఆ పిల్లకి మూడు వారాలే ఉంది.

అమీర్‌పేట_బాబాయ్
నాలుగు లైన్లే కదా మేడమ్.

చివరి_బెంచి
ఆ నాలుగు లైన్లలో ఒక కామా తప్పితే నలభై లైన్ల ఎర్రర్ వస్తుంది. చూశాం.

ఫ్రీగా_వస్తే
మధ్యే మార్గం ఉంది కదా. జాస్ప్, జమోవి రెండూ ఫ్రీ. జాస్ప్ ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ళది. జమోవి లోపల నడిచేది బాబాయ్ గారి ఆర్, కానీ మనకి కనిపించేది మౌసుతో నొక్కే బటన్లే. ఎస్‌పీఎస్ఎస్‌లో దాచిన .సావ్ ఫైలు రెండిట్లోనూ తెరుచుకుంటుంది. నా లాప్‌టాప్ పాతది, దాంట్లో కూడా నడిచింది. ఎడమ పక్క టిక్ పెడితే కుడి పక్క టేబుల్ వెంటనే మారుతుంది. ఎస్‌పీఎస్ఎస్‌లోలాగా ప్రతిసారీ ఓకే నొక్కి, అరవై పేజీల అవుట్‌పుట్ వెనక్కి జరుపుకుంటూ పోనక్కర్లేదు.

పాత_విద్యార్థి_2011
ఏదైనా చేయి గానీ క్రాక్ వెర్షన్ జోలికి పోకు. మా రోజుల్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కాపీ వేశాను. ఎస్‌పీఎస్ఎస్ వచ్చింది, దానితోపాటు వైరసూ వచ్చింది. సబ్మిషన్‌కి తొమ్మిది రోజుల ముందు రెండు చాప్టర్లు పోయాయి. మిగిలిన ప్రింటు కాపీ చూసి మళ్ళీ టైపు చేశాను. మా నాన్నగారు పక్కన కూర్చుని చదువుతుంటే నేను కొట్టాను. 'స్టాండర్డ్ డీవియేషన్'ని ఆయన చివరిదాకా 'స్టాండర్డ్ డివోషన్' అనే చదివారు.

ఇరానీ_చాయ్
భక్తి ఉంటే అన్నీ కలిసొస్తాయి.

మెట్టుగూడ_మేడమ్
సాఫ్ట్‌వేర్ గొడవ తర్వాత చూద్దాం. @లెక్కలంటే_భయం, నేను డిగ్రీ కాలేజీలో ఇదే పాఠం చెప్తాను, ఏటా ఇదే కథ. నీ స్కేల్లో పది ప్రశ్నలూ ఒకే దిక్కుకు లేవు. ఆరు ప్రశ్నలు ఒత్తిడిని నేరుగా అడుగుతాయి. 4, 5, 7, 8 మాత్రం తిరగేసి అడుగుతాయి: సొంత సమస్యల్ని సర్దుకోగలనన్న ధైర్యం ఉందా, పనులు అనుకున్నట్టు జరిగాయా, ఇలాంటివి. వాటికి 'చాలా తరచుగా' అంటే ఒత్తిడి తక్కువ అని అర్థం. ఆ నాలుగింటి మార్కులు తిరగేసి వేశావా?

ఆల్ఫా చూసేది ప్రశ్నలన్నీ కలిసి ఒక దిక్కుకు నడుస్తున్నాయా అని. బండికి పది ఎడ్లు కట్టి ఆరు ఇటు, నాలుగు అటు లాగుతుంటే బండి ఎటు పోతుంది? 0.38 దగ్గర నిలబడుతుంది. తిరగేయడానికి 4 లోంచి జవాబు తీసేయాలి. 0 అయితే 4, 1 అయితే 3, అలా. ట్రాన్స్‌ఫార్మ్ మెనూలో 'రీకోడ్ ఇంటు డిఫరెంట్ వేరియబుల్స్' వాడు. 'సేమ్ వేరియబుల్స్' ముట్టుకోకు.

చివరి_బెంచి
సేమ్ వేరియబుల్స్ బాధితుడిని నేనే. అయిందో లేదో అనుమానం వచ్చి రెండోసారి నొక్కాను. తిరగేసింది మళ్ళీ తిరగబడి మొదటికి వచ్చింది. అనుమానం తీరక మూడోసారి కూడా నొక్కాను. అది తిన్నగా ఉందో తలకిందులుగా ఉందో ఆ దేవుడికే తెలుసు. ఎలాగో పాసయ్యాను.

లెక్కలంటే_భయం
తిరగేయాలని తెలియదు మేడమ్. ఫామ్ చేసేటప్పుడు పేపర్‌లో ఉన్నట్టే పెట్టేశాను. ఇప్పుడే చేస్తాను. థాంక్యూ.

రెండు_భాషలు
ఒక్క మాట. ఫామ్ తెలుగులో పెట్టారా, ఇంగ్లీషులోనా? తెలుగులో అయితే ఎవరు అనువదించారు?

లెక్కలంటే_భయం
చేశాను. ఇప్పుడు 4 లోంచి తీసేస్తే ఎవరికీ 4 రావడం లేదు, 3 దగ్గరే ఆగిపోతోంది. ఆల్ఫా 0.52. ఏడుపొస్తోంది.

నైట్_డ్యూటీ
4 రావడం లేదంటే నీ డేటాలో 0 లేనట్టే. 0 నుంచి 4 దాకా కాకుండా 1 నుంచి 5 దాకా వేశావు. అప్పుడు తీయాల్సింది 6 లోంచి. మేడమ్ చెప్పింది అసలు స్కేలు పద్ధతి.

మెట్టుగూడ_మేడమ్
అవును, నైట్_డ్యూటీ చెప్పిందే కరెక్టు. ముందు అడగాల్సింది, అడగలేదు.

అయితే అంతమాత్రాన ఆల్ఫా తగ్గదు, 4 లోంచి తీసినా 6 లోంచి తీసినా దానికి ఒకటే. తిరగేశాక కూడా 0.52 అంటే ఇంకేదో ఉంది. రిలయబిలిటీ అవుట్‌పుట్‌లో అందరూ ఆల్ఫా ఒక్కటే చూస్తారు. దాని పైన 'కేస్ ప్రాసెసింగ్ సమ్మరీ' అని చిన్న టేబుల్ ఉంటుంది. అందులో వాలిడ్ ఎంత?

లెక్కలంటే_భయం
వాలిడ్ 97. ఎక్స్‌క్లూడెడ్ 55.

మెట్టుగూడ_మేడమ్
చూశావా. 152 మందిలో 55 మంది లెక్కలోనే లేరు. ఒక ప్రశ్న ఖాళీగా ఉన్నా ఆ మనిషిని మొత్తంగా పక్కన పెట్టేస్తుంది. ఫామ్‌లో అన్ని ప్రశ్నలూ తప్పనిసరి అని పెట్టలేదా?

లెక్కలంటే_భయం
పెట్టాను మేడమ్. ఖాళీ వదిలితే సబ్మిట్టే కాదు. ఇంకో సంగతి, సిగ్గుపడి చెప్పలేదు. రిలయబిలిటీ బాక్స్‌లో ఎడమ పక్క నాకు ఎనిమిది ప్రశ్నలే కనిపిస్తున్నాయి. మిగతా రెండూ వేరియబుల్ వ్యూలో ఉన్నాయి గానీ అక్కడ రావడం లేదు. ఎనిమిదితోనే చేశాను.

పాత_విద్యార్థి_2011
ఆ రెండూ స్ట్రింగ్‌గా, అంటే అంకెలుగా కాక అక్షరాలుగా వచ్చి ఉంటాయి. వేరియబుల్ వ్యూలో టైప్ అన్న కాలమ్ చూడు, న్యూమెరిక్ బదులు స్ట్రింగ్ అని ఉంటుంది. అంటే ఆ కాలమ్‌లో ఎక్కడో అంకె కానిది ఇరుక్కుంది. ఎక్సెల్‌లో జవాబుల్ని అంకెలుగా ఎలా మార్చావు?

లెక్కలంటే_భయం
ఫైండ్ అండ్ రీప్లేస్‌తో. ఎప్పుడూ లేదు అంటే 1, దాదాపు ఎప్పుడూ లేదు 2, అప్పుడప్పుడు 3, తరచుగా 4, చాలా తరచుగా 5. ఇదే వరుసలో ఒక్కోటీ మార్చాను.

నైట్_డ్యూటీ
దొరికింది.

ఫ్రీగా_వస్తే
అయ్యో, దొరికింది!

చివరి_బెంచి
నాకు దొరకలేదు, ఎవరైనా చెప్పండి.

నైట్_డ్యూటీ
'తరచుగా'ని 4 చేయమన్నప్పుడు ఎక్సెల్ 'చాలా తరచుగా'లో ఉన్న తరచుగాని కూడా మార్చేసింది. ఆ గడి 'చాలా 4' అయింది. ఆ తర్వాత 'చాలా తరచుగా' కోసం వెతికితే ఒక్కటీ దొరకదు. 'ఎప్పుడూ లేదు' సంగతీ అంతే, 'దాదాపు ఎప్పుడూ లేదు' కాస్తా 'దాదాపు 1' అయి కూర్చుంది. ఇలాంటివి ఎక్కువున్న రెండు కాలమ్స్ స్ట్రింగ్‌గా వచ్చాయి. తక్కువున్న కాలమ్స్‌లో ఆ గడులు ఉత్త చుక్కలయ్యాయి. ఆ 55 మంది అక్కడ పోయారు.

పోయినవాళ్ళలో ఎవరున్నారో గమనించు. ఒత్తిడిని నేరుగా అడిగే ప్రశ్నలకి 'చాలా తరచుగా' అన్నవాళ్ళు. అంటే ఒత్తిడి బాగా ఎక్కువున్నవాళ్ళు కూడా నీ డేటాలోంచి మాయమయ్యారు.

లెక్కలంటే_భయం
ఎక్సెల్ తెరిచాను. నిజంగానే 'చాలా 4' అని ఉంది!!! ఇన్ని రోజులూ ఆ ఫైలు తెరిచి చూడనే లేదు.

ఇరానీ_చాయ్
మా గల్లీలో చాయ్ లెక్క కూడా ఇట్లానే రాస్తారు. 'చాలా 4'.

పాత_విద్యార్థి_2011
గూగుల్ షీట్ నుంచి అసలు ఫైలు మళ్ళీ దింపుకో. ముందు పొడుగు మాటలు మార్చు, తర్వాత పొట్టివి. లేదంటే రీప్లేస్ బాక్స్‌లో ఆప్షన్స్ నొక్కితే 'మ్యాచ్ ఎంటైర్ సెల్ కంటెంట్స్' అని ఉంటుంది, దానికి టిక్ పెట్టు. అసలు ఫైలును మాత్రం ముట్టుకోకు, కాపీ మీద పనిచేయి.

మెట్టుగూడ_మేడమ్
ఈసారి 0 నుంచి 4 దాకానే వెయ్యి. అప్పుడు 4 లోంచి తీస్తే సరిపోతుంది. ఇంకొకటి, ఫామ్‌లో పేరు, ఫోన్ నంబరు అడిగావా?

లెక్కలంటే_భయం
అడిగాను మేడమ్, డూప్లికేట్లు రాకుండా.

మెట్టుగూడ_మేడమ్
అయితే ఎక్సెల్ కాపీలోనే ఆ రెండు కాలమ్స్ తీసేసి, 1 నుంచి 152 దాకా నంబర్లు వేసుకో. జిరాక్స్ షాపాయనకి పెన్‌డ్రైవ్ ఇస్తే 152 మంది ఫోన్ నంబర్లూ, వాళ్ళెంత ఒత్తిడిలో ఉన్నారో కూడా ఇచ్చినట్టే. 'మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం' అని ఫామ్ మొదట్లో నువ్వే రాసి ఉంటావు.

లెక్కలంటే_భయం
రాశాను. షాపుకి వెళ్ళను.

హెచ్ఆర్_బతుకు
షాపుల గురించి ఒకటి చెప్తా. నా జూనియర్ ఒకరు అలాగే చేయించుకున్నారు. రిపోర్టు దిట్టంగా వచ్చింది. వైవాలో "ఇక్కడ మాన్ విట్నీ టెస్టు ఎందుకు వాడారు" అని అడిగితే "వాళ్ళు ఎవరు సార్" అన్నారు.

లెక్కలంటే_భయం
వాలిడ్ 152, ఎక్స్‌క్లూడెడ్ 0. ఆల్ఫా 0.81!!!!

చివరి_బెంచి
పార్టీ ఎక్కడ?

ఇరానీ_చాయ్
నేను కూడా వస్తున్నా, చాయ్ బిల్లు మాత్రం 'చాలా 4'.

లెక్కలంటే_భయం
ఇంకా అయిపోలేదు. టీ టెస్టు చేశాను. హాస్టల్ వాళ్ళు 71 మంది, సగటు 21.4. ఇంటి నుంచి వచ్చేవాళ్ళు 81 మంది, సగటు 19.6. ఎస్‌డీలు (స్టాండర్డ్ డీవియేషన్‌లు) 6.1, 6.3. ఒకే పరీక్షకి రెండు వరుసలొచ్చాయి, 'సిగ్' అని రెండు చోట్ల ఉంది. ఒకటి 0.64, ఇంకోటి 0.077. ఏది రాయాలి?

పాత_విద్యార్థి_2011
ఎడమ పక్క సిగ్ లెవీన్స్ టెస్టుది. రెండు గుంపుల్లోనూ మార్కుల చెదురు ఒకేలా ఉందా అని చూస్తుంది. అది 0.05 కంటే ఎక్కువుంటే పై వరుస చదవాలి, తక్కువుంటే కింది వరుస. నీ అసలు జవాబు కుడి పక్కది, 0.077. నా బ్యాచ్‌మేట్ ఒకడు లెవీన్స్ సిగ్‌నే ఫలితం అనుకుని చాప్టరంతా దాని మీదే రాసేశాడు. గైడ్ సంతకం కూడా అయిపోయింది.

ఫ్రీగా_వస్తే
నేనైతే లెవీన్స్ చూసి వరుస ఎంచుకోమనను. ఎప్పుడూ కింది వరుసే రాస్తే పోతుంది, దాన్ని వెల్చ్ అంటారు. చెదురు ఒకేలా ఉన్నా దానివల్ల పెద్ద నష్టం లేదు.

పాత_విద్యార్థి_2011
మా సార్ ఒప్పుకునేవారు కాదు.

ఫ్రీగా_వస్తే
మీ సార్‌కి నా నమస్కారాలు.

లెక్కలంటే_భయం
0.077 అంటే 0.05 కిందికి రాలేదు, సిగ్నిఫికెంట్ కాదు కదా. గైడ్‌కి చెప్తే "అయ్యో, దగ్గరదాకా వచ్చింది, ఏదైనా చేసి చూడు" అన్నారు.

హెచ్ఆర్_బతుకు
సింపుల్. హాస్టల్ వాళ్ళకే ఎక్కువ ఒత్తిడి ఉంటుందని నీ హైపోథిసిస్ అని రాసి వన్ టెయిల్, అంటే ఒక వైపు తేడానే చూసే లెక్క తీసుకో. సగానికి సగం, 0.0385. సిగ్నిఫికెంట్!

నైట్_డ్యూటీ
ఫలితం చూశాక తోక కోయడం కుదరదు. సినాప్సిస్‌లో ఏం రాసింది ఆ అమ్మాయి? 'తేడా ఉందా' అని. అంటే రెండు వైపులా చూడాలి.

హెచ్ఆర్_బతుకు
అందరూ చేసేదే కదా అండీ. ఒక ఎంఎస్సీ డిసర్టేషన్‌కి ఇంత మడి కట్టుకోవాలా?

నైట్_డ్యూటీ
అందరూ చేశారు కాబట్టే మన సబ్జెక్టు పరువు పోయింది. 2011లో సిమన్స్, నెల్సన్, సిమన్‌సన్ అనే ముగ్గురు కావాలనే ఒక పరిశోధన చేశారు. కొందరికి ఒక పాట, మిగతావాళ్ళకి ఇంకో పాట వినిపించారు. తర్వాత వాళ్ళ పుట్టిన తేదీ అడిగారు, దాంతోపాటు తండ్రి వయసు లాంటివి చాలా అడిగారు. ఏది కలిపితే, ఎక్కడ ఆపితే 0.05 కిందికి వస్తుందో చూసుకుంటూ పోయారు. చివరికి ఫలానా పాట విన్నవాళ్ళ వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గిందని 'నిరూపించారు'. వైఖరి కాదు, మూడ్ కాదు, నిజమైన వయసు. అందరూ వాడే వెసులుబాట్లు వాడితే ఎంత అసాధ్యమైనదైనా సిగ్నిఫికెంట్ అవుతుందని చూపించడానికే ఆ పని.

2015లో వంద సైకాలజీ అధ్యయనాల్ని మళ్ళీ చేసి చూశారు. మొదటిసారి నూటికి 97 సిగ్నిఫికెంట్. రెండోసారి 36 శాతమే.

ఇరానీ_చాయ్
ఏడాదిన్నర తగ్గించే ఆ పాట ఏది? మా ఆవిడ అడుగుతోంది.

హెచ్ఆర్_బతుకు
సరే, ఒప్పుకుంటున్నా. మా ఆఫీసులోనూ ఎంగేజ్‌మెంట్ సర్వేకి ఇదే చేస్తాం. డిపార్ట్‌మెంట్ వారీగా, వయసు వారీగా, ఫ్లోర్ వారీగా కోసుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట తేడా దొరుకుతుంది. దానికో పీపీటీ. మాదాపూర్‌లో నా జీతం దాని మీదే నడుస్తోంది.

చివరి_బెంచి
ఇంకో యాభై మందితో ఫామ్ నింపిస్తే? 0.077 కాస్తా దిగొచ్చేదేమో.

నైట్_డ్యూటీ
దిగితే ఆపుతావు, దిగకపోతే ఇంకో యాభై. అదీ అదే ఆట.

మెట్టుగూడ_మేడమ్
అమ్మా, ఉన్నది ఉన్నట్టు రాయి. టీ 1.78, డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 150, పీ (ఆ 'సిగ్' అంకె) 0.077. దానితోపాటు తేడా ఎంత పెద్దదో చెప్పే కోహెన్స్ డీ రాయి. తేడా 1.8, రెండిటికీ కలిపిన ఎస్‌డీ 6.2, భాగిస్తే 0.29. చిన్న తేడా. తేడాకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కూడా అదే టేబుల్ చివర ఉంటుంది, సుమారు మైనస్ 0.2 నుంచి 3.8 దాకా రావాలి. అంటే తేడా అసలు లేకపోవచ్చు, దాదాపు నాలుగు పాయింట్ల దాకా ఉండనూ వచ్చు. నీ 152 మందితో ఇంతకంటే గట్టిగా చెప్పలేం. 'తేడా లేదని తేలింది' అని మాత్రం రాయకు. తేలలేదు, అంతే.

ఎంతమంది కావాలో ముందే లెక్క వేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, జీపవర్, ఉచితం. డీ 0.5 అనుకుంటే ఒక్కో గుంపుకి 64 మంది చాలు. 0.3 అనుకుంటే 175 దాటాలి. ఈ లెక్క డిస్కషన్‌లో పెడితే పరీక్షకి వచ్చినవాళ్ళు సంతోషిస్తారు.

లెక్కలంటే_భయం
గైడ్ ఒప్పుకుంటారా మేడమ్?

మెట్టుగూడ_మేడమ్
టేబుల్ పట్టుకెళ్ళి చూపించు. 0.38 రోజు నుంచి ఇప్పటిదాకా ఏమేం తప్పులు పట్టుకున్నావో కూడా చెప్పు. గైడ్‌లు రాక్షసులేం కాదమ్మా, చాలామందికి సాఫ్ట్‌వేర్ రాదు, అంతే. మా తరం లాగ్ టేబుళ్ళతో, కాలిక్యులేటర్‌తో చేసింది.

నైట్_డ్యూటీ
'హై స్ట్రెస్', 'లో స్ట్రెస్' అని ముక్కలు చేసి శాతాలు రాయకు. ఆ స్కేలు జబ్బు నిర్ధారణకి పెట్టింది కాదు. ఆసుపత్రిలో నా దగ్గరికి రోజూ ఎవరో ఒకరు ఫోన్‌లో స్కోరు చూపించి "నాకు 27 వచ్చింది డాక్టర్" అంటారు. నేను డాక్టర్‌ని కూడా కాదు.

చివరి_బెంచి
ఇంతకీ అది లైకర్ట్ స్కేలా, లిక్కర్ట్ స్కేలా?

పాత_విద్యార్థి_2011
లిక్కర్ట్. 1932లో ఆ పద్ధతి తెచ్చిన రెన్సిస్ లిక్కర్ట్ తన పేరును అలానే పలికేవాడు. కానీ క్లాసులో అలా అంటే హైదరాబాద్‌లో పాఠం ముందుకు సాగదు.

ఇరానీ_చాయ్
'ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలా తరచుగా.' లిక్కర్ట్ స్కేలుకి ఆప్షన్లు సరిగ్గానే పెట్టారు.

చివరి_బెంచి
నిజం చెప్పనా, పైన మీరు రాసింది సగం అర్థం కాలేదు. స్టాటిస్టిక్స్ మనకి రావు.

పాత_విద్యార్థి_2011
'రావు' అనకు. స్టాటిస్టిక్స్ అంటేనే మన రావు గారు. సి.ఆర్.రావు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్ళారు. 1945లో ఆయన రాసిన ఒక్క పేపర్‌లోంచి, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు బౌండ్ వచ్చింది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు, అదే ఏడాది 102 ఏళ్ళ వయసులో పోయారు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరు మీద సంస్థే ఉంది. బస్సులో వెళ్తూ బోర్డు చూసి లేచి దండం పెట్టుకో, టీ టెస్టు దానంతటదే వస్తుంది.

చివరి_బెంచి
లేస్తే సీటు పోతుంది అన్నా.

లెక్కలంటే_భయం
అందరికీ థాంక్యూ. వైవా నిన్న అయిపోయింది. పాసయ్యాను.

గైడ్‌కి మొత్తం చెప్తే మొదట ముఖం చిట్లించారు. 'చాలా 4' చూపించాక పడీపడీ నవ్వి, 0.077 అలాగే ఉంచమన్నారు. జూనియర్లకి ఒక గంట చెప్పమని కూడా అడిగారు. నేను!

ఎక్స్‌టర్నల్ మేడమ్ మొదటి ప్రశ్న: 152 మంది అయితే డీఎఫ్ 150 ఎందుకని. రెండు గుంపులు, రెండు సగటులు, అందుకే రెండు తగ్గాయన్నాను. పీ 0.077 గురించి అడుగుతారని రాత్రంతా ప్రిపేరై వెళ్తే దాని గురించి ఒక్క మాట అడగలేదు. జీపవర్ పేరా చదివి తల ఊపారు.

తర్వాత అడిగారు: "స్కేలు తెలుగులో ఉంది. ఎవరు అనువదించారు?" నేనే అన్నాను. "వేరేవాళ్ళతో తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, అసలుతో పోల్చారా?" లేదన్నాను. "'ఎప్పుడూ లేదు'కీ 'దాదాపు ఎప్పుడూ లేదు'కీ తేడా మీ క్లాస్‌మేట్స్‌కి తెలిసిందంటారా?" నోట మాట రాలేదు. ఆల్ఫా 0.81 వచ్చింది మేడమ్ అన్నాను. "ప్రశ్నలన్నీ కలిసి ఒక దిక్కుకి పోతున్నాయని ఆల్ఫా చెప్తుంది. ఆ దిక్కు ఒత్తిడిదేనా కాదా అన్నది చెప్పదు" అన్నారు. పరిమితుల్లో ఈ సంగతి చేర్చి, దిద్దిన కాపీ వారంలో ఇవ్వమన్నారు.

రెండు_భాషలు
నేను పైన అడిగాను. మార్కులు తిరగేసే హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు.

మెట్టుగూడ_మేడమ్
అడిగారు, ఇప్పుడే పైకెళ్ళి చూశాను. సారీ అండీ. నేను కూడా దాటేశాను.

లెక్కలంటే_భయం
సారీ అండీ. అప్పుడు నాకు ఆ ప్రశ్న ఎందుకో కూడా అర్థం కాలేదు.

రెండు_భాషలు
పర్లేదు. దిద్దిన కాపీకి ముందు ఒక పని చేయండి. ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రశ్నలు పైకి చదివించి, ఒక్కోటీ ఏం అడుగుతోందో వాళ్ళ మాటల్లో చెప్పమనండి. ఒక సాయంత్రం పని. ఎక్కడ తడబడ్డారో పరిమితుల్లో రెండు వాక్యాలు రాయొచ్చు.

లెక్కలంటే_భయం
రేపే చేస్తాను. మా తమ్ముడూ, వాడి ఫ్రెండ్సూ ఉన్నారు. సమోసాలు కొనివ్వాలి, అంతే.

కొత్త_సెమిస్టర్
అక్కా, నేను ఫస్టియర్. ప్రాక్టికల్‌లో సెల్ఫ్ ఎస్టీమ్ స్కేల్ చేస్తుంటే నాకు ఆల్ఫా మైనస్ 0.2 వచ్చింది. మైనస్ అసలు వస్తుందా?

లెక్కలంటే_భయం
వస్తుంది. రోసెన్‌బర్గ్ స్కేలేనా? అందులో పదికి ఐదు తిరగేసి అడిగేవి. ముందు అవి చూడు. వాలిడ్ ఎంత?

అమీర్‌పేట_బాబాయ్
ఫస్టియరా! చాలా టైముంది బాబూ. ఆర్ నేర్చుకో. నాలుగు లైన్లే.

చివరి_బెంచి
చాలా 4.